మూడు కాళ్ల కుందేలుకు సర్కారీ శాస్త్రం

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించడానికి మామూలు మనిషికి మొండితనం ఒక్కటి చాలు. ప్రభుత్వానికి అంతటితో సరిపోదు. దానికి ఓ కమిటీ కావాలి. కమిటీకి మచ్చలేని మనిషి ఒకరు అధ్యక్షుడుగా కావాలి. కాళ్లు లెక్కపెట్టడానికి నిధులు కావాలి. నాలుగో కాలు కనబడకుండా కుందేలును ఏ వైపు నుంచి పట్టుకోవాలో చెప్పే మార్గదర్శకాలు కావాలి. ఇవన్నీ సమకూరాక వెలువడేదాన్ని శాస్త్రీయ నిర్ధారణ అంటారు. గంజాయి మొక్క విషయంలో అమెరికా ప్రభుత్వం ఎనభై ఏళ్లకు పైగా ఈ లెక్కింపు సాగించింది. ఇంకా పూర్తయినట్టు లేదు.

ఒక్క సంగతి మెచ్చుకుని తీరాలి. ఆ ఏలినవారు దొంగ ఫలితాలు రాయించడానికి పెద్దగా శ్రమ పడలేదు. ఏ ప్రశ్న అడగాలో, ఏ మొక్క మీద అడగాలో, ఎవరి డబ్బుతో అడగాలో తన గుప్పిట్లో పెట్టుకున్నవాడు జవాబు జోలికి పోనక్కర్లేదు. జవాబు బుద్ధిగా నడుచుకుంటూ వచ్చి వాకిట్లో నిలబడుతుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో డోనాల్డ్ అబ్రమ్స్ అనే క్యాన్సర్ వైద్యుడున్నాడు. ఎయిడ్స్‌కు సరైన మందు లేని 1990ల మొదటి రోజుల్లో ఆయన వార్డు నిండా ఎముకల గూళ్లే. గంజాయి తాగితే ఆకలి పుడుతోందని, తిన్న ముద్ద కడుపులో నిలుస్తోందని రోగులే ఆయనకు చెప్పారు. సరే, రోగి మాట వేరు, రుజువు వేరు కదా, తూకం వేసి చూద్దామనుకున్నాడు. ఇంతకన్నా నిరపాయకరమైన కోరిక వైద్యుడికి ఏముంటుంది? హాలండ్ నుంచి సరుకు తెప్పించుకుంటానంటే మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ కుదరదంది. స్వదేశీ సరుకే ఇప్పించండి అంటే, దాన్ని తన అధీనంలో పెట్టుకున్న మాదకద్రవ్య దుర్వినియోగ పరిశోధన సంస్థ నైడా ఇవ్వనంది. ఏళ్లు గడిచాయి. వార్డులో మంచాలు ఖాళీ అవుతూ, నిండుతూ ఉన్నాయి.

చివరికి అబ్రమ్స్‌కు లౌక్యం వంటబట్టింది. అప్పుడే ఎయిడ్స్‌కు కొత్త మందులు వచ్చాయి. గంజాయి తాగితే ఆ మందుల పని చెడి రోగికి హాని జరుగుతుందేమో పరిశీలిస్తానని దరఖాస్తు తిరగరాశాడు. అదే డాక్టరు, అదే ఆసుపత్రి, అదే మొక్క. మారిందల్లా ఒక్కటే. ఇంతకు ముందు మేలు చేస్తుందా అని అడిగాడు, ఇప్పుడు కీడు చేస్తుందా అని అడిగాడు. తలుపులు బార్లా తెరుచుకున్నాయి. 1997లో సుమారు 9 లక్షల 78 వేల డాలర్లు మంజూరయ్యాయి. కావలసిన సరుకూ వచ్చింది. ఫలితం 2003లో అచ్చయింది. తాగినవాళ్ల ఒంట్లో వైరస్ పెరగలేదు. పైగా ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ల కన్నా బరువు ఎక్కువ పెరిగారు. మొదట అడగనివ్వని ప్రశ్నకు జవాబు అలా దొడ్డిదారిన ఇంట్లోకి వచ్చి కూర్చుంది. ఇంట్లోవాళ్లెవరూ మంచినీళ్లయినా ఇవ్వలేదు.

దీన్ని ఎవరో గిట్టనివాళ్లు అల్లిన కథ అనుకునే పని లేదు. 2010లో నైడా ప్రతినిధే ఓ పెద్ద పత్రికకు చల్లగా చెప్పారు: మా దృష్టి ప్రధానంగా గంజాయి దుష్ఫలితాల మీద, దాని వైద్య ప్రయోజనాల పరిశోధనకు సాధారణంగా మేం డబ్బివ్వం అని. దాపరికం లేదు, నసుగుడు లేదు. పేరులోనే దుర్వినియోగం ఉన్న సంస్థను సద్వినియోగం గురించి అడగడం మనదే తప్పు. దీనికి తోడు 1998లో ఓ చట్టం చేశారు. అధ్యక్షుడి కింద పనిచేసే మాదకద్రవ్య నియంత్రణ కార్యాలయ సారథి, వైద్యానికి పనికిరావని ప్రభుత్వం తేల్చిన షెడ్యూల్-1 జాబితాలో ఉన్న ఏ పదార్థాన్నైనా చట్టబద్ధం చేయాలనే ప్రతి ప్రయత్నాన్నీ వ్యతిరేకించి తీరాలని అందులో రాసుకున్నారు. రేపు ఏ పరిశోధన ఏం చెప్పినా సరే, ఆయన అభిప్రాయం నిన్ననే చట్టసభ ఆమోదం పొందింది. ఇంత ముందుచూపు మన పంచాంగకర్తలకు కూడా లేదు.

ఇక మొక్క సంగతి. 1968 నుంచి 2021 దాకా అమెరికాలో గంజాయి మీద పరిశోధన చేయదలచిన ఏ శాస్త్రవేత్తకైనా చట్టబద్ధంగా సరుకు దొరికే తోట ఒక్కటే, మిసిసిపీ విశ్వవిద్యాలయానిది. మసాచుసెట్స్‌లో లైల్ క్రేకర్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు నేనూ పండిస్తానని 2001లో దరఖాస్తు పెట్టుకున్నాడు. డీఈఏ సొంత న్యాయాధికారే విచారించి 2007లో ఇవ్వండి అంది. ఒబామా గద్దెనెక్కడానికి కొద్ది రోజుల ముందు, 2009 జనవరిలో, డీఈఏ ఇవ్వం అంది. సొంత న్యాయాధికారి మాట తోసిపుచ్చడం ఆ సంస్థకు కొత్త కాదు. 1988లో ఫ్రాన్సిస్ యంగ్ అనే మరో న్యాయాధికారి, వైద్యానికి పనికొచ్చే పదార్థాల్లో ఇది అత్యంత సురక్షితమైనవాటిలో ఒకటని తేల్చి షెడ్యూలు మార్చమన్నాడు. అదీ బుట్టదాఖలైంది. తీర్పు చెప్పమని పిలిచి తీర్పు చెప్పినందుకు చిన్నబుచ్చడం మన పంచాయతీల్లో చూశాం గానీ, అక్కడ సీలు వేసి మరీ చేస్తారు.

ఆ ఏకైక తోట సరుకు ఎలా ఉంటుందో ఫీనిక్స్ నగరంలో డాక్టర్ స్యూ సిస్లీ చూసింది. యుద్ధం నుంచి తిరిగొచ్చి నిద్రపట్టక, ఉలిక్కిపడుతూ బతికే మాజీ సైనికులకు గంజాయి ఉపశమనమిస్తుందేమో తేల్చాలని ఆమె ఏళ్ల తరబడి అనుమతుల గుమ్మాలెక్కింది. చివరికి చేతికొచ్చింది విప్పి చూస్తే మొగ్గ లేదు, జిగురు లేదు. ఆకులూ పుల్లలూ కలిపి దంచిన ఆకుపచ్చ పొడి. పరీక్ష చేయిస్తే బూజు ఆనవాళ్లు. పక్క రాష్ట్రాల్లో లైసెన్సున్న దుకాణాల్లో నిగనిగలాడే మొగ్గలు గాజు సీసాల్లో పెట్టి అమ్ముతున్న రోజులవి. ఉత్తర కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు జన్యువులు పోల్చి చూస్తే, పరిశోధనకిచ్చే ప్రభుత్వ గంజాయి జనం తాగే గంజాయికన్నా నార కోసం పెంచే హెంప్ రకానికే దగ్గర చుట్టమని తేలింది. సిస్లీ పరిశోధన ఫలితం 2021లో వచ్చింది. గంజాయి తాగినవాళ్లకూ, మత్తు తీసేసిన ఉత్తి ఆకు తాగినవాళ్లకూ తేడా కనబడలేదు. ఇప్పుడు చెప్పండి, పని చేయనిది గంజాయా, ఆ పొడా? ఎవరూ చెప్పలేరు. చెప్పలేకపోవడమే అక్కడ ఫలితం. రుజువు లేదు గనుక మొక్క షెడ్యూల్-1లో ఉండాలి, షెడ్యూల్-1లో ఉంది గనుక రుజువు కోసం వెతకడం కష్టం. ఎద్దును గానుగకు కట్టి దూరప్రయాణం చేయించడంలో ఆ దేశాన్ని మించినవాళ్లు లేరు.

వైద్యానికి బొత్తిగా పనికిరాదని ప్రభుత్వం ఘోషించిన ఆ మొక్కను అదే ప్రభుత్వం కొందరు రోగులకు నెలనెలా పంపేదని చెబితే నమ్ముతారా? గ్లకోమాతో చూపు పోతున్న రాబర్ట్ రాండల్ అనే మనిషి 1976లో కోర్టులో పోరాడి సాధించుకున్నాడు. తర్వాత ఇంకొందరు చేరారు. మిసిసిపీ తోటలో పండించి, ఉత్తర కరోలినాలో సిగరెట్లుగా చుట్టి, గుండ్రటి రేకు డబ్బాలో 300 చొప్పున పేర్చి, మందు చీటీ అంటించి పంపేవారు. 1992లో కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేశారు గానీ, పాతవాళ్లకు డబ్బాలు ఆగలేదు. ఏళ్ల తరబడి ప్రభుత్వ గంజాయి తాగుతున్న మనుషులు ఇళ్లలోనే ఉన్నారు, చిరునామాలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. పరిశోధనకు ఇంతకన్నా సిద్ధంగా ఏం దొరుకుతుంది? ప్రభుత్వం పట్టించుకోలేదు. 2002లో ఓ వైద్యుడు వాళ్లలో నలుగురిని పరీక్షించి రాసుకున్నదే దిక్కు.

ఇంకో ముచ్చట. 2003 అక్టోబరులో అమెరికా ఆరోగ్య శాఖకు 66,30,507 నంబరు పేటెంటు దక్కింది. గంజాయిలోని రసాయనాలు మెదడు కణాలను కాపాడగలవన్న ఆవిష్కరణ మీద. ఒక చేత్తో వైద్య ప్రయోజనం శూన్యమని సంతకం, రెండో చేత్తో ఆ ప్రయోజనం మీద హక్కు నాదేనని సంతకం. కలం మాత్రం ఒకటే అయి ఉంటుంది, ప్రభుత్వాలు పొదుపరులు కదా.

ఈ వంశవృక్షం మొదట్లో హ్యారీ యాన్‌స్లింగర్ ఉంటాడు. 1930 నుంచి 1962 దాకా ఫెడరల్ మాదకద్రవ్యాల శాఖ అధిపతి. 1937లో గంజాయిని అణచడానికి పన్ను చట్టం తెచ్చినప్పుడు చట్టసభ కమిటీ ముందు అమెరికన్ వైద్య సంఘం తరఫున డాక్టర్ విలియం వుడ్‌వర్డ్ నిలబడి అడిగిన ప్రశ్నలు చాలా సాదావి. జైళ్లలో దీనివల్ల ఎందరు ఖైదీలున్నారో జైళ్ల శాఖను అడిగారా? పిల్లల మధ్య వాడకం గురించి పిల్లల సంక్షేమ శాఖను పిలిచారా? ప్రజారోగ్య శాఖ సాక్ష్యం ఏది? పేపరు కత్తిరింపులు తప్ప మీ దగ్గర ఏమున్నాయి? సభ్యులు ఆయన ప్రశ్నలకు జవాబివ్వలేదు. సాయం చేయడానికి వచ్చావా, అడ్డం పడటానికి వచ్చావా అని ఆయన్నే నిలదీశారు. తర్వాత సభలో ఒకాయన, దీనికి వైద్య సంఘం మద్దతుందా అని అడిగితే, నూటికి నూరుపాళ్లూ ఉందని జవాబొచ్చింది. బిల్లు నెగ్గింది.

అదే విచారణలో ఓ సభ్యుడు యాన్‌స్లింగర్‌ను అడిగాడు, గంజాయి తాగేవాడు మెల్లగా హెరాయిన్‌కు ఎగబాకుతాడా అని. లేదండీ, అలాంటి కేసు వినలేదన్నాడు. అప్పటి వాదన వేరు: గంజాయి తాగినవాడు గొడ్డలి పట్టుకుని నరుకుతాడు. 1955కు వచ్చేసరికి సెనేట్ ముందు అదే పెద్దమనిషి, అసలు భయమంతా ఇది చివరికి హెరాయిన్‌కు దారితీస్తుందనే అన్నాడు. పద్దెనిమిదేళ్లలో కారణం మొత్తం తలకిందులైంది. శిక్ష మాత్రం చెక్కుచెదరలేదు, పైగా మధ్యలో బలిసింది.

శాస్త్రానికీ ఆయన కొరత రానివ్వలేదు. టెంపుల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ మంచ్ అనే ఔషధ శాస్త్ర ఆచార్యుడుండేవాడు. ఆయన ఓ హత్య కేసులో గంజాయి నిపుణుడిగా సాక్ష్యం చెబుతూ, తాను స్వయంగా రుచి చూశాననీ, రెండు దమ్ములు లాగగానే గబ్బిలంగా మారి గదంతా ఎగిరి, రెండు వందల అడుగుల లోతున్న సిరాబుడ్డి అడుగుకు చేరాననీ చెప్పినట్టు న్యాయశాస్త్ర చరిత్రకారులు రాశారు. ఈయన్ను బోనులోంచి దించి ఇంటికి పంపారనుకుంటున్నారా? ఏళ్ల తరబడి ఆ శాఖకు ఆస్థాన గంజాయి నిపుణుడు ఆయనే. ఆ సిరాబుడ్డిలో ముంచిన కలంతోనే తర్వాతి కాలపు విధానాలు రాశారేమోనని నాకో అనుమానం.

నమ్మకం కుదరక న్యూయార్క్ మేయర్ లా గార్డియా సొంతంగా వైద్యుల సంఘాన్ని నియమించాడు. వాళ్లు అయిదేళ్లు కష్టపడి, గంజాయి ఘోర నేరాలకు మూలం కాదని, హెరాయిన్ బాట కాదని 1944లో తేల్చారు. యాన్‌స్లింగర్ నిప్పులు చెరిగాడు. ఆశ్చర్యం ఏమిటంటే, 1937లో ఆధారాలేవని అడిగిన వైద్య సంఘం పత్రికే 1945లో ఈ ఆధారాల మీద విరుచుకుపడింది. ఎనిమిదేళ్లలో ఆ పత్రికకు జ్ఞానోదయం ఏ చెట్టు కింద అయిందో.

తర్వాత అమెరికా అధ్యక్షుడు నిక్సన్. 1970లో కొత్త చట్టం వచ్చినప్పుడు గంజాయిని ఎక్కడ పెట్టాలో తెలియక, పరిశోధనలు పూర్తయ్యేదాకా షెడ్యూల్-1లో ఉంచండని ఆరోగ్య శాఖ అధికారి ఉత్తరం రాశాడు. తాత్కాలికం అన్నమాట. తాత్కాలిక సచివాలయాలు, తాత్కాలిక వంతెనలు చూసిన మన తెలుగువాళ్లకు ఆ మాట బరువెంతో వేరే చెప్పాలా? నిజం తేల్చడానికి 13 మందితో జాతీయ కమిషన్ వేశారు. తొమ్మిది మందిని నిక్సనే ఎంచుకున్నాడు. కమిషన్ అధ్యక్షుడు రేమండ్ షేఫర్, పెన్సిల్వేనియా మాజీ గవర్నరు, అధికార పార్టీ మనిషి, ఒకప్పటి ప్రాసిక్యూటరు. ఇంకేం కావాలి? అయినా నిక్సన్‌కు ధైర్యం చాలలేదు. కమిషన్ చట్టబద్ధం చేయమని చెప్పినా నేను వినను అని 1971 మేలోనే విలేకరుల ముందు ప్రకటించాడు. అప్పటికి కమిషన్ పని మొదలుపెట్టి నెలలే. సెప్టెంబరులో షేఫర్‌ను గదికి పిలిపించుకుని, దేశం అనుకుంటున్నదానికీ మేం చేయబోతున్నదానికీ ఎదురుగా ఏదైనా చెప్పావంటే మీ కమిషనే అభాసుపాలవుతుంది, ఆమాత్రం తెలియనివాడివి కాదుగా అని నచ్చజెప్పాడు. ఇదంతా మనకెలా తెలుసంటే, తన గదిలో తానే టేపు రికార్డర్లు పెట్టించుకున్న మహానుభావుడు గనుక.

షేఫర్ వినలేదు. సొంత వాడకానికి దగ్గర పెట్టుకున్నవాణ్ని నేరస్థుణ్ని చేయవద్దని 1972 మార్చిలో నివేదిక ఇచ్చాడు. తన హయాంలో వేసిన కమిషన్, తాను ఎంచిన మనుషులు, తాను బెదిరించిన అధ్యక్షుడు, ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా కుందేలుకు నాలుగు కాళ్లని రాసుకొస్తే నిక్సన్ మాత్రం ఏం చేస్తాడు? నివేదికను అటక మీద పెట్టించాడు. తాత్కాలిక షెడ్యూలు అర్ధశతాబ్దం దాటింది.

బ్రిటన్‌లో ఇంత హంగామా ఉండదు, వాళ్లు మర్యాదస్థులు. మాదకద్రవ్యాల సలహా మండలి అధ్యక్షుడు డేవిడ్ నట్, గంజాయి కన్నా సారా, పొగాకు ఎక్కువ హాని చేస్తాయని లెక్కలతో చెప్పాడు. 2009 అక్టోబరులో హోం మంత్రి ఆయన్ను ఇంటికి పంపాడు. ప్రభుత్వ సలహాదారుగా ఉంటూ ప్రభుత్వ విధానానికి వ్యతిరేకంగా ప్రచారం చేయరాదట. సలహా ఇవ్వచ్చు, ప్రభుత్వం అడగకముందే అనుకున్నదయితే.

ఇదంతా తెల్లోళ్ల బాగోతం, మనకేం అనుకుంటే పొరపాటు. ఈ విద్యకు తొలి బడి మన దేశమే. గంజాయి వల్ల హిందూదేశపు పిచ్చాసుపత్రులు నిండిపోతున్నాయని 1893లో లండన్ కామన్స్ సభలో గోల లేచింది. ఏడుగురితో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేశారు. వాళ్లు ఊరూరా తిరిగి 1,193 మంది సాక్షులను విచారించారు. మన బాపట్ల ప్రాంతపు గంజాయి చేల సంగతులు కూడా ఆ సంపుటాల్లోకి ఎక్కాయి. వాళ్లు చేసిన అసలు గొప్ప పని పిచ్చాసుపత్రుల రిజిస్టర్లు తెరవడం.

ఆ రిజిస్టర్లలో ప్రతి రోగి పేరు పక్కనా 'పిచ్చికి కారణం' అని ఒక గడి ఉండేది. ఖాళీగా వదలకూడదు. రోగిని బజారులో పట్టుకొచ్చిన పోలీసుకు కారణం తెలియదు. పంపిన మేజిస్ట్రేటుకు తెలియదు. రోగి చెప్పే స్థితిలో ఉంటే అసలు అక్కడికి రాడు. ఎవరో ఒకరు, తాగుతాడా అని అడిగితే, తాగుతాడనే అంటారు. గడిలో గంజాయి అని పడేది. ఆసుపత్రి సూపరింటెండెంటు దాన్నే నకలు చేసేవాడు, ఏటా ఆ నకళ్లన్నీ కూడి గణాంకాలయ్యేవి, గణాంకాలు సముద్రం దాటి లండన్‌లో ఉపన్యాసాలయ్యేవి. కమిషన్ 1892లో చేరిన కేసులను ఒక్కొక్కటిగా తిరగేసింది. గంజాయి ఖాతాలో రాసిన 222 మందిలో, విచారణకు నిలబడినవాళ్లు 98. వాళ్లలోనూ కొందరికి వేరే కారణాలు కలిసి ఉన్నాయి. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదు, అతి అయితే హానే, నిషేధం అనవసరం, పన్ను వేసి అదుపులో పెట్టండని 1894లో చెప్పారు.

దీన్ని చదివి మురిసిపోయేవాళ్లకు ఓ చిన్న చేదు మాత్ర. ఆనాటి సర్కారుకు గంజాయి ఎక్సైజు ఆదాయం దండిగా వచ్చేది. నిజాయితీగా తేలిన ఆ నిజం ఖజానాకు కూడా ప్రియమైనది కాబట్టే అంత మర్యాదగా అచ్చుకు నోచుకుంది. ఆదాయానికి గండికొట్టే నిజమైతే ఏ గోదాములో చెదలకు మేతయ్యేదో.

స్వతంత్ర భారతం ఏం చేసింది? 1961 అంతర్జాతీయ ఒడంబడికకు తలూపి, పాతికేళ్ల గడువు తీసుకుని, గడువు ముంచుకొచ్చాక 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం తెచ్చింది. అంతకు తొంభై ఏళ్ల ముందటి ఆ విచారణ స్థాయిలో మళ్లీ ఎవరూ జనం మధ్యకు వెళ్లి అడగలేదు. చట్టంలో గంజాయి అంటే పూత, కాయలున్న కొసలు. విడిగా ఉన్న ఆకు గంజాయి కాదు. అందుకే జైసల్మేర్‌లో ప్రభుత్వ లైసెన్సు బోర్డు కింద భంగు లస్సీ తాగొచ్చు. అదే మొక్క పైకొస 20 కిలోలు దాటి దగ్గరుంటే కనీసం పదేళ్లు లోపల. మొక్కకు నడుం దగ్గర గీత గీసి పైన నేరం, కింద ప్రసాదం అని తేల్చిన వృక్షశాస్త్రం ఏ విశ్వవిద్యాలయంలో చెబుతారో తెలుసుకోవాలని ఉంది.

2020 డిసెంబరులో వియన్నాలో ఐక్యరాజ్యసమితి సంఘం, గంజాయిని అత్యంత ప్రమాదకర పదార్థాల జాబితా నుంచి తీసేద్దామా అని ఓటు పెట్టింది. 27 దేశాలు సరే అన్నాయి, 25 వద్దన్నాయి. సరే అన్నవాటిలో మన దేశం ఉంది. ఆ చెయ్యెత్తిన సంగతి పాడేరు, చింతపల్లి కొండల్లో ఎవరికైనా చెప్పారా? అక్కడ మూట మోసిన కూలి కుర్రాడు జైల్లో, మూట యజమాని పక్క రాష్ట్రంలో. మన పేపర్లలో గంజాయి గురించి కనబడే లెక్కలు రెండే రకాలు: పట్టుబడ్డ కిలోలు, వాటి విలువ కోట్లు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోలు గుట్టలు పోసి తగలబెట్టారు, ఫొటోలు ఘనంగా వచ్చాయి. ఆ సరుకు మన పిల్లల మెదడుకు ఏం చేస్తుందన్న లెక్క గుట్ట పక్కన నిలబడి ఫొటో దిగదు.

ఎందుకంటే అసలు విషాదం ఇక్కడుంది. గంజాయి అమాయకురాలు కాదు. స్వీడన్‌లో సైన్యంలో చేరిన 45,570 మంది కుర్రాళ్లను పదిహేనేళ్లు గమనించి 1987లో చెప్పారు: యాభై సార్లకు పైగా తాగినవాళ్లలో స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు ఎక్కువ. ఇతర కారణాలు తీసేస్తే తేడా బాగా తగ్గింది గానీ పోలేదు. 2019లో ఐరోపా, బ్రెజిల్‌లలోని 11 చోట్ల చూసిన అధ్యయనంలో ఘాటు రకాన్ని రోజూ తాగేవాళ్లకు మతి చలించే ముప్పు దాదాపు అయిదు రెట్లని తేలింది. అమెరికాలో పట్టుబడ్డ సరుకులో మత్తు పాలు 1995లో 4 శాతం, 2014 నాటికి 12 శాతం. లేత వయసు మెదడు మీద దీని ప్రభావం తేలిగ్గా తీసిపారేయాల్సింది కాదు. 2017లో అమెరికా జాతీయ అకాడమీలు పదివేలకు పైగా పరిశోధనలు జల్లెడ పట్టి, దీర్ఘకాలపు నొప్పికి, క్యాన్సర్ మందుల వల్ల వచ్చే వాంతులకు ఇది పనిచేస్తుందని ఒప్పుకుంటూనే, మానసిక వ్యాధికీ దీనికీ ఉన్న ముడిని కూడా ఒప్పుకున్నాయి. ఇవి నిజాలు. అయితే చెప్పేది ఎవరు? గబ్బిలమై ఎగిరిన ఆచార్యుడి వారసులు. వినేదెవరు?

మా బావమరిది వినడు. న్యూజెర్సీలో ఉంటాడు, సాఫ్ట్‌వేరు. పోయిన వేసవిలో వాళ్లింటికి వెళ్తే, రాత్రి భోజనాలయ్యాక ఓ డబ్బా తీశాడు. రంగురంగుల జెల్లీ బిళ్లలు, మామిడిపండు వాసన.

"ఒకటి వేసుకో బావా, నిద్ర బాగా పడుతుంది."

"మెదడుకు మంచిది కాదంటున్నారు కదరా."

"ఎవరన్నారు? గవర్నమెంటు రీసెర్చి! వాళ్లంతా అమ్ముడుపోయినవాళ్లు. నిక్సన్ టేపులు వినలేదా నువ్వు?"

విన్నాను. అందుకే నోరు మెదపలేదు. డబ్బా తిప్పి చూశాను. ఒక్కో బిళ్లలో ఎంత మత్తుందో మిల్లీగ్రాముల్లో రాసి ఉంది, ల్యాబ్ పరీక్ష అయిందని ముద్ర. ఆ ల్యాబ్ ఎవరిదిరా అన్నాను. కంపెనీదే అయ్యుంటుంది అన్నాడు, బిళ్ల నములుతూ. 2017లో ఇంటర్నెట్‌లో అమ్మే గంజాయి రసం సీసాలు 84 తెప్పించి పరీక్షిస్తే, చీటీ మీద రాసినంత పాలు లోపల ఉన్నవి 26 అని, మత్తు ఉండకూడని 18 సీసాల్లో మత్తుందని చెప్పాను. "అది చేసింది ఎవరు?" అన్నాడు వెంటనే. విశ్వవిద్యాలయం వాళ్లన్నాను. "అదిగో!" అన్నాడు విజయగర్వంతో. శాస్త్రవేత్తను నమ్మనివాడు దుకాణదారుణ్ని నమ్మాలని శాసనమేదీ లేదు. అయినా ఎనభై ఏళ్ల సర్కారీ లెక్కింపు పుణ్యమా అని, వ్యాపారికి కోట్ల డాలర్ల ప్రచారం ఉచితంగా జరిగిపోయింది. ఇకముందు పరిశోధనకు డబ్బిచ్చేది కూడా ఆ వ్యాపారే. అతనికి ఆ కుందేలుకు అయిదు కాళ్లు కావాలి.

పడుకోబోయే ముందు బావమరిది కుర్చీ వేసుకుని, ఆ డబ్బాను వంటింటి అలమార పై అరలో, పప్పు డబ్బాల వెనక్కి తోసి తాళం వేశాడు.

"అంత పైకెందుకురా?"

"చిన్నోడున్నాడు కదా బావా, పదహారేళ్లు. చేతికందితే ఊరుకుంటాడా?"

"అందితే ఏమైందిరా, మెదడుకేమీ కాదుగా?"

కుర్చీ దిగి నావంక అనుమానంగా చూశాడు. "ఏంటి బావా, గవర్నమెంటోడిలా మాట్లాడతావు?"